పడగొట్టిన వాళ్లే లేపాలి

జనవరి 14, 2024

వదినా,

చేరాను. ఓడలో రెండు రోజులు కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను కాబట్టి ఈ ఏడాది ఈస్టరు ముందు తపస్సుకాలం ఉపవాసాలు నాకు ముందే అయిపోయినట్టు. అన్నయ్యకు చెప్పు, ఓడ ప్రయాణం సరదాగా ఉంటుందన్న మనిషిని ఒకసారి నాకు చూపించమని.

ఇక్కడ ఫోన్ పనిచేయదు. టవర్ ఉంది గానీ కొబ్బరిచెట్ల మధ్య ఇంకో చెట్టులా ఊరికే నిలబడి ఉంది. పన్నెండు రోజులకోసారి ఓడ వస్తుంది, దానితోపాటే ఉత్తరాల సంచి. అందుకే ఈ కాగితాలు. పోస్టుమాన్ మన గుమ్మంలోకి వచ్చి ఎన్నాళ్లయిందో. పక్కింటి అప్పలకొండమ్మ పిన్ని కోర్టు నోటీసనుకుని గుండెలు బాదుకోకుండా ముందే చెప్పి ఉంచు.

క్యాంపు పని బాగానే ఉంది. డాక్టరు గారు, నేను, చేత్తో పట్టుకెళ్లే ఎక్స్-రే మిషను. మార్చి నెలాఖరులోగా ఈ ద్వీపంలో ఉన్న నాలుగు ఊళ్లవాళ్ల ఊపిరితిత్తులూ ఫొటో తీసి, టి.బి. ఉందో లేదో తేల్చాలి. నా హిందీకి వాళ్లు నవ్వుతున్నారు, వాళ్ల హిందీకి నేను నవ్వుతున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. మా క్వార్టరు ఎదురుగా బడి. బడి ముందు ఇసుక మైదానం, దాని చివర సముద్రం. బెల్లు కొట్టడం ఆలస్యం, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఫుట్‌బాల్ మీద పడతారు. మొన్న బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. నేను ఆలోచించేలోపే నా కాలు దాన్ని తన్నేసింది. తిన్నగా గోల్‌లోకి పోయింది. పిల్లలంతా వచ్చి నా చున్నీ పట్టుకుని లాగారు. నేను విడిపించుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

నీ దగ్గర దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. టెన్త్‌లో మన స్కూలు గ్రౌండ్‌లో నా కాలు తగిలి నువ్వు పడిన రోజు నుంచి, ఇరవై ఏడేళ్లు, నేను బంతి ముట్టలేదు. నీ కాలు పొట్టిదైపోయింది. మీ అమ్మ మా ఇంటికి వచ్చి నిలదీస్తే మా నాన్న అన్నయ్యను నీకిచ్చి చేస్తానని మాటిచ్చాడు. అన్నయ్య తల దించుకుని ఊఁ అన్నాడు. మీరిద్దరూ బాగానే ఉన్నారు, నేను కాదనను. కానీ నా తప్పుకు అన్నయ్య జరిమానా కట్టాడన్న ముల్లు నాకు పోలేదు. నువ్వు ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

పిల్లలు రోజూ పిలుస్తున్నారు. ఆడమంటావా? నువ్వు వద్దంటే ఆడను.

నీ సుజి


అనకాపల్లి
జనవరి 27

సుజీ,

నీ ఉత్తరం నిన్న అందింది. చిన్నపిల్లలా ఆడమంటావా వద్దంటావా అని అడగడం ఏమిటి, నలభై మూడేళ్లు వచ్చి? ఆడు. పాత సంగతులు తవ్వకు.

ఇక్కడ అంతా క్షేమం. మంచు గట్టిగా పడుతోంది. తుమ్మపాల వైపు నుంచి బెల్లం వండే వాసన పొద్దున్నే మన వీధి దాకా వస్తోంది. మీ అన్నయ్య లేతు షాపులో కొత్త కుర్రాడు చేరాడు, మిషను కన్నా ఎక్కువ చప్పుడు చేస్తాడట. బెన్‌హర్ పాలిటెక్నిక్ పరీక్షలకు చదువుతున్నానంటాడు. పుస్తకం ముందు ఉంటుంది, కళ్లు ఫోన్‌లో ఉంటాయి. నీ మేనల్లుడు కదా, నువ్వే వచ్చి చెప్పుకో.

ఈ చలికి నా కాలు పట్టేసింది. మొన్న ఆదివారం చర్చిలో పూజకి ఆటోలో వెళ్లాను. అప్పలకొండమ్మ పిన్ని నూనె కాచి ఇచ్చింది, దాని వాసనకి మీ అన్నయ్య వరండాలో పడక వేసుకున్నాడు.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

తలకి నూనె రాసుకో. సముద్రపు గాలికి జుట్టు పీచైపోతుంది.

వదిన సువార్త


ఫిబ్రవరి 8

వదినా,

నీ ఉత్తరం ఈ పొద్దున ఓడలో వచ్చింది. ఆడమన్నావు, ఆ పక్కనే కాలు పట్టేసిందన్నావు. నాకు అర్థమైంది. నీ స్థానంలో ఉంటే నేనూ అలాగే రాసేదాన్ని.

నన్ను తిట్టు, కానీ నీ జవాబు రాకముందే నేను ఆడాను. పది రోజులు ఆడాను. ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అరికాలికి ఇసుక తగులుతుంటే నాకు పదహారేళ్లే. పిల్లలు నన్ను ఎక్స్-రే మేడమ్ అని పిలుస్తారు, బంతి మాత్రం ఒక్కసారి కూడా మర్యాదగా వదలరు.

సోమవారం నాడు రెబెకా అని పదకొండేళ్ల పిల్ల బంతితో దూసుకొచ్చింది. నేను అడ్డం వెళ్లాను. నా మోకాలు దానికి తగిలింది. పడిపోయింది. అరవలేదు, ఏడవలేదు, కాలు పట్టుకుని నన్నే చూస్తూ పడుకుంది. వదినా, నాకు ఆ ఇసుకలో నువ్వే కనిపించావు.

డాక్టరు గారు నా చేతే ఎక్స్-రే తీయించారు. కంగారులో మొదటి ఫొటో పాడుచేశాను. రెండోది సరిగ్గా వచ్చింది. ఎముకకు ఏమీ కాలేదు, చిన్న బెణుకు కూడా లేదు. నేను పదిసార్లు చూశాను. కానీ ఆ పిల్ల లేవడం లేదు. మూడు రోజులైంది. ఇంట్లో చాప మీద పడుకునే ఉందట. డాక్టరు గారు మిగిలిన క్యాంపు కోసం దూరపు ఊరికి పడవ మీద వెళ్లారు. ఇక్కడ నేనొక్కదాన్నే.

సాయంత్రం కాగానే ఆ పిల్ల ఇంటివాళ్లు పది మంది దాకా వచ్చి మా క్వార్టరు ముందు కూర్చుంటున్నారు. చేతుల్లో ఇంత పొడుగు కత్తులు. ఏమీ అనరు. తలుపు వంక చూస్తూ కూర్చుంటారు, కాసేపటికి లేచి వెళ్లిపోతారు. నేను గడియ పెట్టుకుని కిటికీ సందులోంచి చూస్తున్నాను. బయటికి వెళ్లే ధైర్యం లేదు.

ఓడ కూత వేస్తోంది. నీ ఉత్తరం తెచ్చిన ఓడ వంటవాడి చేతికే ఇది కిటికీలోంచి ఇచ్చి పంపుతున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. మళ్లీ ఒక పిల్ల కాలు మీద పడ్డాను, ఏది జరిగినా నాకు తగినదే.

సుజి


అనకాపల్లి
ఫిబ్రవరి 18

సుజీ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. కత్తులని రాసి, బెంగ పెట్టుకోకని ఎలా రాశావు? మీ అన్నయ్య షాపు మూసి విశాఖ హార్బరుకి పరిగెత్తాడు. అక్కడ ఓడల ఆఫీసులో ఒకాయన పోలీసు పోస్టుకి కబురు పెడతానన్నాడట, పెట్టాడో లేదో తెలియదు. మన ఫాదరు గారి చేత పూజ చెప్పించాను. మా అమ్మ వాళ్ల బాప్టిస్టు చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టించాను. అప్పలకొండమ్మ పిన్ని "ఏటమ్మా, కత్తులట్టుకొచ్చేరా? మా నూకాలమ్మకి కోడిని మొక్కుకున్నాను, నువ్వేటీ అనుకోకు" అంది. నేనేమీ అనుకోలేదు. ఇంకో కోడి నా తరఫున కూడా మొక్కమందామనిపించింది.

ఇప్పుడు రాసేది మీ అన్నయ్య ఇంట్లో లేనప్పుడు రాస్తున్నాను. ఆయనకు తెలుసు. తెలియనిది నీకే. నీకు అక్కడ ఏదైనా అయిపోతే, నా కాలు విరగ్గొట్టానన్న బరువుతోనే నువ్వు పోతావు. ఆ పాపం నేను మోయలేను.

నా కాలు నువ్వు విరగ్గొట్టలేదు.

ఆ డిసెంబరులో నేను రోజూ క్రిస్మస్ పాటల ప్రాక్టీసని చెప్పి మా చర్చికి వెళ్లి, వెనక ప్రహరీ ఎక్కి, అవతల మీ అన్నయ్యతో మాట్లాడేదాన్ని. అప్పటికే ఆరు నెలల నుంచి సాగుతోంది. మీరు ఆర్.సి.ఎం. కాథలిక్కులు, మేం బాప్టిస్టులం. రెండిళ్లలోనూ పెద్దవాళ్లు పెళ్లి మాటెత్తితే కాళ్లు విరగ్గొడతామనే రకం. ఒక సాయంత్రం పాస్టరమ్మ గారి గొంతు వినిపించి కంగారులో గోడ దూకేశాను. కింద ఇటుక ముక్కలు. కాలు కలుక్కుమంది. మీ అన్నయ్య సైకిలు మీద వీధి మలుపు దాకా దింపాడు. ఇంట్లో చెబితే ఎక్కడ పడ్డావంటారు. పళ్లు బిగబట్టి మూడు రోజులు నడిచాను. ఆటకు రానంటే అనుమానం వస్తుందని ఆడాను కూడా. నీ కాలు నాకు తగిలింది నిజమే, గట్టిగా ఏమీ కాదు. నువ్వు తగలకపోయినా ఆ పూటకి విరిగేదే.

కట్టు కట్టడానికి వచ్చిన ముసలాయన వేలితో నొక్కి చూసి, "ఇది ఇయాల ఇరిగింది కాదే పిల్లా. మూడ్రోజులై బీటిచ్చింది. ఎక్కడ పడ్డావు?" అన్నాడు. మా అమ్మ వేడినీళ్లకని లోపలికి వెళ్లింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన మా అమ్మకి చెప్పకుండానే కట్టు కట్టి వెళ్లాడు.

రెండు రోజులాగి నీకు చెబుదామనే అనుకున్నాను. ఈలోపు మా అమ్మ మీ ఇంటికి వెళ్లి "మీ పిల్ల మా పిల్ల కాలిరగ్గొట్టీసింది. ఇంక దీన్నెవుడు సేసుకుంతాడు?" అని అరుగు మీద కూర్చుంది. మీ నాన్న "మావోడే సేసుకుంతాడమ్మా, లే" అనేశాడు. మేం అడిగినా ఒప్పుకోని పెళ్లి వాళ్ల నోటితోనే వాళ్లు ఖాయం చేశారు. మీ అన్నయ్య తల దించుకుంది బాధతో కాదు సుజీ. నవ్వు ఆపుకోలేక.

ఆ మర్నాడు నిజం చెబితే పెళ్లి పోతుంది. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. అప్పుడు మీ నాన్న ఉన్నారు. ఆయన పోయాక చెబుదామనుకున్నాను. అప్పటికి ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడుగుతావని భయం. నువ్వు ఆట మానేశావు, జిల్లా టీములో పేరొచ్చినా వెళ్లలేదు, చూస్తూ ఊరుకున్నాను. నువ్వు నన్ను చూసి తప్పుకున్నప్పుడల్లా రేపు చెప్పాలి అనుకునేదాన్ని.

ఆ పిల్ల కాలు బాగుంటుంది. నువ్వు జాగ్రత్తగా ఉండు. నన్ను ఏమన్నా పడతాను, ముందు నువ్వు ఇంటికి రా.

సువార్త


ఫిబ్రవరి 19

వదినా,

ముందు ఒక మాట. అందరం బాగున్నాం. రెబెకా లేచింది. నిన్న నన్నే పడగొట్టింది కూడా.

క్రితం ఉత్తరంలో నేను రాసిందంతా మర్చిపో. ఐదో రోజు బడి మాస్టారు వచ్చి తలుపు కొట్టారు. ఆయనది ఈ ఊరే, హిందీ బాగా మాట్లాడతారు. కిటికీలోంచే జవాబు చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని, చెప్పకూడదు గానీ మీరు పరాయి ఊరివారు కాబట్టి చెబుతున్నానంటూ మొదలుపెట్టారు.

ఇక్కడ ఆటలో ఒకరు పడితే, పడగొట్టినవాళ్లే వెళ్లి లేపాలట. తమ చేత్తో మొదటి ముద్ద తినిపించి, చెయ్యిచ్చి లేవదీయాలి. అంతవరకు పడినవాళ్లు లేవకూడదు, దెబ్బ తగిలినా తగలకపోయినా. పడినవాళ్ల తరఫువాళ్లు వచ్చి ఎదురుగా కూర్చోవచ్చు గానీ రమ్మని పిలవకూడదు, తనంతట తనే రావాలి. వాళ్లు కొబ్బరి తోటలో పని ముగించుకుని తిన్నగా వచ్చేవారు, అందుకే కత్తులు. నేను తినిపించడానికి కొబ్బరికాయ ఉందో లేదో అని రోజూ ఒకటి కోసి నా గుమ్మం పక్కన పెట్టి పోయేవారట. ఐదు కాయలు. నేను కిటికీలోంచి కత్తులే చూశాను, కాయలు చూడలేదు.

గడియ తీసి పరిగెత్తాను. నా దగ్గర ఏముంది? నువ్వు కట్టి ఇచ్చిన బెల్లం, కొబ్బరి. రెండూ కలిపి ఉండ చేసి పట్టుకెళ్లాను. ఆ పిల్ల చాప మీద రాజమాతలా పడుకుని, కిటికీలోంచి బయట ఆడేవాళ్లకి ఎటు తన్నాలో చెబుతోంది. నన్ను చూసి కోపంగా గోడ వైపు తిరిగింది. ఐదు రోజులు ఆట పోయిందిగా మరి. ఉండ నోట్లో పెట్టాను. నమిలింది. ఇంకోటి అడిగింది. అదయ్యాక చెయ్యి చాచింది. లేపాను. వాళ్ల అమ్మమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచి ఏదో అంది. మాస్టారిని అడిగితే, "ఇంత ఆలస్యమా, పిల్లని ఊరికే ఉంచి మా ప్రాణాలు తీసింది" అన్నదట.

నాకు ఏడుపొచ్చింది వదినా. దుఃఖంతో కాదు. నేను పడగొట్టిన పిల్లని నేనే లేపాను, అది లేచి పరిగెత్తింది. మనకి ఆ రోజు ఇలాంటి పద్ధతి ఒకటి ఉండి ఉంటే ఎంత బాగుండేది. నేను నీ దగ్గరికి రాలేదు. మా గుమ్మంలో మీ అమ్మ గొంతు విని మంచం కింద దూరాను. నేను లేపాల్సిన నిన్ను అన్నయ్య లేపాడు.

వచ్చాక నీకు నా చేత్తో ముద్ద తినిపిస్తాను. వద్దనకు.

సుజి


అనకాపల్లి
మార్చి 4

సుజీ,

నీ ఉత్తరం అందింది. దేవుడికి స్తోత్రం. మీ అన్నయ్య అది చదివి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. అప్పలకొండమ్మ పిన్ని కోడి మొక్కు తీర్చుకుని కూర పంపింది. తపస్సుకాలమని నేను ముట్టలేదు, బెన్‌హర్ నా వాటా కూడా చూసుకున్నాడు.

నేను ఫిబ్రవరి పద్దెనిమిదిన ఒక ఉత్తరం వేశాను. మధ్యలో ఓడ రద్దయిందట, కాబట్టి అది నీకు ఇంకా చేరి ఉండదు. అది వస్తే తెరవకు. కంగారులో ఏదో రాశాను. చింపెయ్.

పై మాట రాసి రెండు రోజులు దీన్ని పోస్టు చేయకుండా ఉంచాను. నువ్వు రాసింది మళ్లీ చదివాను, పడగొట్టినవాళ్లే లేపాలి అన్నది. మన ఇద్దరిలో పడిపోయింది నువ్వు. ఇన్నేళ్లూ నీ గుమ్మం దగ్గరికి రాకుండా గడియ పెట్టుకున్నదాన్ని నేను.

చింపకు. చదువు.

సువార్త


మార్చి 16

వదినా,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకే సంచిలో వచ్చాయి. నేను ముందు తెరిచింది రెండోది. తెరవకు అని రాసి ఉంటే తెరవనివాళ్లు మన వంశంలో ఎవరున్నారు?

చదివి మొదట నవ్వాను. అన్నయ్య గోడ అవతల సైకిలు పట్టుకుని నిలబడటం ఊహించుకుని గట్టిగా నవ్వాను. లేతు మిషను తప్ప లోకం తెలియదనుకున్నాను ఆయనకి. తర్వాత కోపం వచ్చింది. అది చాలాసేపు ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా కొంచెం ఉంది. నా పేరు జిల్లా టీములో ఉంది వదినా. నాన్న వెళ్లమన్నా నేనే కాగితం చింపేశాను. నీ కాలు చూసే నేను ఎక్స్-రే పని నేర్చుకున్నాను. వేల మంది ఎముకలు ఫొటో తీశాను, ఏ రోజు విరిగిందో అందరివీ చెప్పగలను. మన ఇంట్లో ఉన్న కాలును ఒక్కసారీ మిషను కింద పెట్టమని అడగలేదు. అడగడానికి సిగ్గు. నువ్వు ఆ సిగ్గు మీద ఇరవై ఏడేళ్లు బతికావు. దీన్ని ఉత్తరంలో క్షమించను. ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను, అన్నయ్యను కూడా. ఒక పూటంతా పడుతుంది. బెన్‌హర్‌ను బయటికి పంపండి.

కోపం కొంచెం తగ్గాక మైదానంలోకి వెళ్లాను. ఇన్ని రోజులూ నేను బంతిని సగం బలంతోనే తన్నుతున్నానని నిన్ననే తెలిసింది. ఎవరికి తగులుతుందోనని కాలు వెనక్కి లాగుతూ ఉండేదాన్ని. నిన్న లాగలేదు. బంతి గోల్ పైనుంచి పోయి సముద్రంలో పడింది. రెబెకా ఈదుకుంటూ వెళ్లి తెచ్చింది, తెచ్చి నాకే ఇచ్చింది. మళ్లీ తన్నాను. మళ్లీ సముద్రంలోనే పడింది. మాస్టారు ఇంక బంతి మేడమ్‌కి ఇవ్వొద్దన్నారు.

ఒక్క ముక్క మాత్రం నాలుగుసార్లు చదివాను. అన్నయ్య తల దించుకుంది నవ్వు ఆపుకోలేక అన్నది. కావాలనుకున్న పిల్లనే చేసుకున్నాడు. నేను అన్నయ్య బతుకు పాడు చేయలేదు. గుండెల మీద నుంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంది వదినా. ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే నిన్ను ఎప్పుడో పీక పట్టుకుని అడిగేదాన్ని.

ఇరవై ఏడున ఇక్కడి నుంచి ఓడ. ఇద్దరూ హార్బరుకి రండి.

ఇంకొక్క సంగతి. పెళ్లయి నువ్వు మా ఇంటికి వచ్చినప్పటి నుంచి, బజారుకైనా చర్చికైనా నీ పక్కన నడిచేటప్పుడు నేను అడుగు చిన్నది చేసి నడిచాను. నువ్వు గమనించావో లేదో. హార్బరు నుంచి మాత్రం నేను నా అడుగుతో నడుస్తాను. వెనకబడితే పిలువు. ఆగుతాను.

సుజి